నార్ఫోక్ పల్లె చర్చి దస్తరాల్లో వంశం వెతకడం: నా అనుభవం

పేరు కలిసింది, ఊరు కలిసింది, ఏడాది కూడా కాస్త అటూ ఇటూగా కలిసింది. ఇంకేం, మనవాడే అనుకుని వంశవృక్షంలో ఎక్కించేస్తాం. ఇంగ్లండు పల్లెల రిజిస్టర్లలో పూర్వీకుల్ని వెతికేటప్పుడు నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడ పుట్టినవే. వంద గడప లేని ఊళ్లో ఒకే కాలంలో నలుగురు జాన్‌లు, ముగ్గురు విలియమ్‌లు, వాళ్లకి మేరీ అనో ఎలిజబెత్ అనో భార్యలు ఉండడం అక్కడ మామూలు. తాత పేరు మనవడికి పెట్టుకునే అలవాటు వాళ్లకీ ఉంది మరి. కాబట్టి దొరకడం పెద్ద విషయం కాదు. దొరికిన నలుగురిలో మనవాడెవడో తేల్చడమే అసలు పని.

ఉదాహరణలకి తూర్పు ఇంగ్లండులోని నార్ఫోక్ కౌంటీని (మన జిల్లా లాంటిది) తీసుకుంటున్నాను. అక్కడ దాదాపు 700 పారిష్‌లు, చాలావరకు చిన్నవి. రెండు మైళ్లు నడిస్తే ఇంకో చర్చి గోపురం కనిపిస్తుంది. కూలి కోసం మనిషి ఆ హద్దులు దాటుతూనే ఉంటాడు, వెతికేవాళ్లం మాత్రం ఒకే ఊరి రిజిస్టరు పట్టుకుని కూర్చుంటాం.

పారిష్ అంటే ఒక చర్చి కిందికొచ్చే ఊరు. మన కథోలికులు విచారణ అంటారు. ఇంగ్లండులో అది ప్రార్థనకే పరిమితమైన హద్దు కాదు. పేదలకి పైకం ఇవ్వడం, దారులు బాగుచేయించడం, ఆ ఖర్చుకి పన్ను వసూలు చేయడం అన్నీ ఒకప్పుడు పారిష్ పనులే. అందుకే చర్చిలో తాళాలేసిన పెద్ద పెట్టెలో దాచిన కాగితాలు మన కరణం దస్తరం లాంటివి. బాప్తిస్మాల పుస్తకం ఆ దస్తరంలో ఒక కట్ట మాత్రమే. అది చూసి లేచిపోయేవాళ్లు సగం దస్తరం విప్పకుండా వెళ్లినట్టే.

మన వైపు నుంచి ఈ పనికి దిగేవాళ్లలో ఆంగ్లో-ఇండియన్ కుటుంబాల వారసులు ఉంటారు: సికింద్రాబాదు, గుంతకల్లు, కాజీపేట, వాల్తేరు రైల్వే కాలనీల వాళ్లు. వీళ్లకి మొదటి మెట్టు నార్ఫోక్ కాదు, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల నుంచి లండన్‌కి పంపిన బాప్తిస్మాల, పెళ్లిళ్ల, ఖననాల నకళ్లు అక్కడి ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఎన్/2 అనే వరుసలో ఉన్నాయి. ఇవి ఇక్కడి జీవితాన్ని చెబుతాయి గానీ ఇంగ్లండులో సొంతూరు ఏదో మామూలుగా చెప్పవు. ఊరి పేరు సైన్యం కాగితాల్లో దొరుకుతుంది. బ్రిటిష్ సైన్యం నుంచి పింఛనుతో బయటికొచ్చిన సిపాయిల డిశ్చార్జి కాగితాలు లండన్‌లో కియూ అనేచోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 97 వరుసలో ఉంటాయి. ఫలానా కౌంటీలో, ఫలానా పట్నం దగ్గర, ఫలానా పారిష్‌లో పుట్టాడని వాటిలో రాసి ఉంటుంది. అయితే వయసు పెంచి చెప్పి చేరిన కుర్రాళ్లు ఉంటారు, చెవికి వినిపించినట్టు ఊరి పేరు రాసుకున్న గుమాస్తాలూ ఉంటారు. దాన్ని రుజువుగా పట్టుకోవద్దు. ఎక్కడ వెతకాలో చెప్పే జాడ, అంతే.

ఇంగ్లండులో దిగాక వెనక్కి నడవాలి. చూడగలిగిన జనాభా లెక్కలు 1841 నుంచి 1921 వరకు, పదేళ్లకొకటి. 1931 నాటివి 1942లో అగ్నికి ఆహుతయ్యాయి, 1941లో యుద్ధం వల్ల అసలు తీయలేదు. వీటిలో పల్లె వంశాలకి ప్రాణం లాంటిది 1851 లెక్క. 1841లో పదిహేను దాటినవాళ్ల వయసు ఐదుకి కుదించి రాయమన్నారు, అంటే 34 ఏళ్లవాడు 30 అవుతాడు. పుట్టింది ఇదే కౌంటీలోనా కాదా అన్నంత వరకే అడిగారు. 1851లో వయసు, ఇంటి యజమానికి ఏమవుతారు, ఏ పారిష్‌లో పుట్టారు అన్నీ అడిగారు. ఆ ఏడాది మార్చి 30 రాత్రికి బతికున్న డెబ్బై ఏళ్ల ముసలివాడు మనల్ని నేరుగా 1780 ప్రాంతపు రిజిస్టరు ముందు దింపుతాడు.

కానీ పుట్టిన ఊరు లెక్క లెక్కకీ మారుతుంది. ఒకసారి కుగ్రామం పేరు చెబుతారు, పదేళ్లకి పక్కనున్న సంత ఊరి పేరు చెబుతారు, ఇంకోసారి ఊహ తెలిసినప్పటి నుంచి పెరిగిన ఊరే పుట్టిన ఊరనుకుంటారు. అందుకని ఒక మనిషి దొరికితే అతను కనిపించే ప్రతి లెక్కా తీసి పక్కపక్కన పెట్టుకోవాలి. అన్నిటికన్నా చిన్న ఊరి పేరు ఏది వచ్చిందో దాంతో మొదలుపెట్టడం నా పద్ధతి.

ప్రభుత్వ జనన మరణ నమోదు 1837 జూలై 1న మొదలైంది. ఆ నమోదులు చూసే జనరల్ రిజిస్టర్ ఆఫీసు సొంత సూచికలో జననాలకి తల్లి పుట్టింటి పేరు, మరణాలకి వయసు కనిపిస్తాయి, వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఒక జంట పిల్లలందరినీ ఏరడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు. జననం నమోదు చేయించే భారం గట్టిగా తల్లిదండ్రుల మీద పడింది 1875 నుంచే. అంతకు ముందు పుట్టిన పిల్లవాడు ఆ సూచికలో లేకపోతే కంగారు పడకుండా బాప్తిస్మం చూడండి. పెళ్లికి మాత్రం సర్టిఫికెట్ కొనేముందు ఒక్క క్షణం ఆగాలి. జనరల్ రిజిస్టర్ ఆఫీసులో ఉండేది మూడు నెలలకోసారి రాసి పంపిన నకలు. చర్చి పుస్తకంలో ఉండేది పెళ్లికొడుకు, పెళ్లికూతురు, సాక్షులు చేత్తో పెట్టిన సంతకం. ఆ సంతకం ఎందుకు ముఖ్యమో కింద చెబుతాను.

ఇక రిజిస్టర్లు. ఏ కాలం పుస్తకంలో ఏం దొరుకుతుందో ముందే తెలిస్తే లేనిదాని కోసం వెతుకుతూ రోజులు పోగొట్టుకోం.

1813 జనవరి 1 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి. బాప్తిస్మాలకి పేజీకి ఎనిమిది నమోదులు, ఒక్కోదాంట్లో ఉండేవి: తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, నివాసం, తండ్రి వృత్తి, ఇచ్చిన పాదిరి. ఖననాలకి కూడా పేజీకి ఎనిమిదే, వాటిలో ఉండేవి: పేరు, నివాసం, తేదీ, వయసు. ఈ వయసు గడి మనకి వరం. 1815లో 80 ఏళ్లకి పోయిన ముసలమ్మ 1735 ప్రాంతంలో పుట్టిందని అది చెప్పకనే చెబుతుంది. తల్లి పుట్టింటి పేరు మాత్రం ఈ ఫారంలో లేదు.

పెళ్లిళ్లకి అచ్చు పుస్తకాలు అంతకన్నా ముందే, 1754 మార్చి 25 నుంచి వచ్చాయి. హార్డ్‌విక్ చట్టం ప్రకారం మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటనలు చదవాలి, లేదా లైసెన్సు తీసుకోవాలి. ఇద్దరూ, ఇద్దరు సాక్షులూ సంతకమో, రాయడం రాకపోతే ఇంటూ గుర్తో పెట్టాలి. క్వేకర్లు (వేరుగా ఆరాధించే ఒక క్రైస్తవ శాఖ), యూదులు తప్ప అందరూ 1837 దాకా పారిష్ చర్చిలోనే పెళ్లి చేసుకోవాలి. మెథడిస్టుల ఇంట్లో బాప్తిస్మం చర్చి పుస్తకంలో దొరక్కపోయినా పెళ్లి దొరుకుతుంది, కారణం ఇదే. "ఈ పారిష్ వాడు" అన్న మాటని మాత్రం అక్షరాలా నమ్మకండి. అప్పుడు అక్కడ ఉంటున్నాడని దాని అర్థం, పుట్టాడని కాదు. మామూలుగా పెళ్లి పెళ్లికూతురి ఊళ్లో, పిల్లల బాప్తిస్మాలు పెళ్లికొడుకు ఊళ్లో. పెళ్లి దొరక్కపోతే చుట్టుపక్కల ఊళ్ల ప్రకటనల పుస్తకాలు చూడాలి. ప్రకటన రెండు ఊళ్లలోనూ చదవాలి కాబట్టి రెండో ఊరి పేరు అక్కడే బయటపడుతుంది.

1783 అక్టోబరు నుంచి 1794 దాకా రిజిస్టరులో ప్రతి నమోదుకీ మూడు పెన్నీల పన్ను ఉండేది. నిరుపేదలకి మినహాయింపు. ఆ ఏళ్లలో పేరు పక్కన నిరుపేద అన్న గుర్తు ఉంటే అది పేదరికమో పొదుపో ఆలోచించాలి. పన్ను మొదలయ్యే ముందు నెలలో ఒక్కసారిగా బాప్తిస్మాలు పెరిగితే, ఒకే రోజు ఒకే జంటకి నలుగురు పిల్లలుంటే, వాళ్లు కవలలు కారు. చేతిలో నాలుగు డబ్బులు మిగులుతాయని పెద్దపిల్లల్ని కూడా కలిపి తీసుకొచ్చారు. రిజిస్టరు చెప్పేది బాప్తిస్మం రోజు, పుట్టినరోజు కాదు. పాదిరి దయతలచి పుట్టిన తేదీ అంచున రాస్తే అది మన అదృష్టం.

1752కి ముందు తేదీలు చదవడం వేరే విద్య. అప్పుడు ఇంగ్లండులో సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, ఇంచుమించు మన ఉగాది వచ్చే రోజుల్లో. 1720 మేలో పెళ్లి, 1720 ఫిబ్రవరిలో బిడ్డ అని కనిపిస్తే ఎవరి శీలాన్నీ శంకించక్కర్లేదు, ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1721. అందుకే 1720/21 అని రెండూ రాసుకోవాలి. ఒక్క ఏడాదే రాసుకుంటే ఆరునెలల తర్వాత అది పాత లెక్కో కొత్త లెక్కో మనకే గుర్తుండదు. నెలల పేర్లకి బదులు అంకె వేసి చివర "బర్" అని రాస్తారు: 7బర్ సెప్టెంబరు, 8బర్ అక్టోబరు, 9బర్ నవంబరు, 10బర్ డిసెంబరు. జూలై, ఆగస్టు అనుకుంటే రెండు నెలలు తప్పుతుంది. సప్త, అష్ట, నవ, దశ తెలిసిన మనకి ఇది గుర్తుంచుకోవడం నిజానికి తేలిక.

1733 మార్చికి ముందు కొన్ని పుస్తకాలు లాటిన్‌లో ఉంటాయి. భాష భయపెట్టేది కాదు, పదీ పన్నెండు మాటలు చాలు. పేర్లే మోసం చేస్తాయి: గులియెల్ముస్ అంటే విలియం, యాకోబుస్ అంటే జేమ్స్, ఎగీడియుస్ అంటే జైల్స్. ఇంకా వెనక్కి వెళితే రాత మారిపోతుంది. పొడుగు "ఎస్" అక్షరం "ఎఫ్"లా కనిపిస్తుంది, "మాస్" అనే ఇంటిపేరు సూచికలో "మాఫ్స్" అయిపోతుంది. అర్థం కాని అక్షరం వస్తే అదే పేజీలో మనకి తెలిసిన మాటలో, "జాన్" లోనో "మేరీ" లోనో, ఆ పాదిరి ఆ అక్షరం ఎలా రాశాడో చూసి పోల్చాలి. ఏ పుస్తకంలోని అక్షరమాల కన్నా ఇది బాగా పనిచేస్తుంది.

రిజిస్టర్లు పెట్టమని థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞ ఇచ్చింది 1538లో. కానీ చాలా ఊళ్ల పుస్తకం 1558లో మొదలవుతుంది. 1598లో పాత కాగితపు పుస్తకాలన్నీ తోలు మీదికి ఎక్కించమన్నప్పుడు, ముఖ్యంగా ఎలిజబెత్ రాణి ఏలుబడి మొదలైనప్పటి నుంచి అన్నారు. చాలామంది అక్కడి నుంచే ఎత్తుకున్నారు. మొదటి నలభై ఏళ్లూ ఒకే చేతిరాతలో ఉంటే అది నకలని గుర్తు, వదిలేసిన వరసలు ఉండే ఉంటాయి. 1653 నుంచి 1660 దాకా, ఇంగ్లండులో రాజు లేని కాలంలో (ఆలివర్ క్రామ్‌వెల్ నాటి మాట, ఇందాకటి థామస్ కాదు) పెళ్లిళ్లు మేజిస్ట్రేటు ముందు జరగాలన్నారు, బాప్తిస్మానికి బదులు పుట్టుక రాయమన్నారు. ఆ ఏళ్లలో ఖాళీ కనిపిస్తే కుటుంబం వలస పోయిందని తేల్చేయకండి.

ఖాళీలకి మందు నకళ్లే. 1598 నుంచి ప్రతి పారిష్ ఏడాదికోసారి తన నమోదుల నకలు బిషప్‌కి పంపాలి. నార్ఫోక్‌లో ఆర్చ్‌డీకన్‌కి (బిషప్ కింది అధికారి) వెళ్లిన నకళ్లు కూడా ఉన్నాయి. అసలు పుస్తకం తడిసినా, ఎలుకలు కొట్టినా ఇవి మిగులుతాయి. అసలు బాగానే ఉన్నా నేను నకలు కూడా చూస్తాను. రెంటిలో ఒకచోట వృత్తి, ఒకచోట "విధవ" అన్న మాట, ఒకచోట వేరే స్పెల్లింగు ఉండడం మామూలే, ఆ తేడానే ఒక్కోసారి ఇద్దరు జాన్‌లని విడదీస్తుంది.

చాలా నార్ఫోక్ పుస్తకాల పేజీల బొమ్మలు ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు. సూచికలో పేరు కొట్టి దొరకలేదని వదిలేయడం పెద్ద పొరపాటు. ఇంటిపేరు వదిలేసి, పారిష్, పదేళ్ల వ్యవధి, బిడ్డ పేరు, తండ్రి పేరు మాత్రమే ఇచ్చి చూడండి, చెడిపోయిన స్పెల్లింగులన్నీ బయటికొస్తాయి. అప్పటికీ లేకపోతే బొమ్మలు ఒక్కొక్కటే తిప్పాలి. తిప్పేటప్పుడు పుస్తకం చివరికి కూడా వెళ్లాలి: బాప్తిస్మాలు ముందు నుంచి, ఖననాలు వెనక నుంచి తలకిందులుగా రాసిన పుస్తకాలు చాలా ఉన్నాయి. 1754 తర్వాత పెళ్లిళ్లు వేరే పుస్తకానికి పోతాయి, పాతదాంట్లో హఠాత్తుగా ఆగిపోయినట్టుంటుంది.

ఇప్పుడు తేల్చే పని. ఒక ఎక్సెల్ షీటు తెరుస్తాను. ఆ పారిష్, చుట్టూ ఐదు మైళ్లలోని పారిష్‌లు. ఆ ఇంటిపేరు ఉన్న ప్రతి బాప్తిస్మం, పెళ్లి, ఖననం, మనకి సంబంధం లేదనిపించినవి కూడా ఎక్కిస్తాను. గళ్లు ఇవి: తేదీ, పారిష్, పేరు, తండ్రి, తల్లి, వృత్తి, నివాసం, అంచున రాసిన మాట, బొమ్మ నంబరు. తర్వాత జంటల వారీగా విడగొడతాను. ఆ కాలపు పల్లెల్లో కాన్పుకీ కాన్పుకీ మధ్య దాదాపు రెండేళ్లు, రెండున్నరేళ్లు. జాన్, మేరీలకి అయిదు నెలల తేడాతో రెండు బాప్తిస్మాలు కనిపిస్తే ఇద్దరు జాన్‌లు, ఇద్దరు మేరీలు ఉన్నారేమో చూడాలి, లేదా ఒక బిడ్డని ఆలస్యంగా తెచ్చారేమో చూడాలి. మధ్యలో ఆరేళ్లు ఖాళీ ఉంటే కుటుంబం పక్క పారిష్‌లో ఉండి వచ్చినట్టు, లేదా మొదటి మేరీ చనిపోయి రెండో మేరీ వచ్చినట్టు. ఆ ఖాళీలోనే ఖననాలు చూడాలి.

ఆ తర్వాత చేసేదాన్ని నేను "చంపి చూడడం" అంటాను. 1851లో 62 ఏళ్ల జాన్‌కి సరిపోయే బాప్తిస్మాలు రెండు దొరికాయనుకుందాం, 1788లో ఒక ఊళ్లో, 1790లో పక్క ఊళ్లో. ఇద్దరికీ ఖననం వెతకాలి. 1813కి ముందు వయసు రాయకపోయినా పిల్లలైతే "ఫలానావాడి కొడుకు" అని తండ్రి పేరు కలుపుతారు. 1788 బిడ్డ మరుసటి ఏడే పోయినట్టు తేలితే పోటీ ఒకరికి తగ్గింది. పోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకి పెట్టడం అక్కడ రివాజు కాబట్టి అదే జంటకి మళ్లీ ఒక జాన్ పుట్టాడా అన్నది కూడా చూడాలి. ఇద్దరూ బతికే ఉంటే ఇద్దరి జీవితాలూ చివరిదాకా గీయాలి. మనవాడిని రుజువు చేయడమంటే సగం పని రెండోవాడు ఎక్కడికి పోయాడో చెప్పగలగడం.

సంతకాలు ఇక్కడ ఉపయోగపడతాయి. ఒక జాన్ పెళ్లినాడు తిన్నగా సంతకం పెట్టాడు, ఇంకొకడు ఇంటూ గుర్తు పెట్టాడు. ఇరవై ఏళ్ల తర్వాత చెల్లెలి పెళ్లికి సాక్షిగా వచ్చినవాడు ఎవడో చేతిరాత చెబుతుంది. సాక్షుల్లో చాలామంది అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే. పదేళ్లపాటు ప్రతి పెళ్లికీ ఒకే పేరు సాక్షిగా కనబడితే మాత్రం మురిసిపోవద్దు, ఆయన చర్చి గుమాస్తా.

రిజిస్టరు మౌనంగా ఉన్నచోట పేదల కాగితాలు మాట్లాడతాయి. నా లెక్కలో దస్తరం మొత్తంలో విలువైన కట్ట ఇదే, ఎక్కువమంది ముట్టనిదీ ఇదే. 1662 చట్టంతో ప్రతి మనిషికీ ఒక చట్టబద్ధమైన పారిష్ ఉండాలన్నారు. కష్టం వస్తే ఆ పారిష్ పోషించాలి. ఏడాదికి 10 పౌండ్ల అద్దె ఇంట్లో ఉన్నా, పెళ్లికాకుండా పూర్తి ఏడాది పాలేరుగా చేసినా, పని నేర్చుకునే కుర్రాడిగా ఒప్పందం మీద ఉన్నా కొత్త పారిష్‌లో హక్కు వచ్చేది. ఆ హక్కు రాకూడదని 51 వారాలకే పాలేరుని కుదుర్చుకున్న రైతులున్నారు. ఎవరైనా సాయం అడిగితే ఇద్దరు మేజిస్ట్రేట్లు వాంగ్మూలం తీసుకునేవారు: ఎక్కడ పుట్టాడు, ఎవరి దగ్గర ఎంత జీతానికి ఎన్నాళ్లు చేశాడు, ఎక్కడ పెళ్లాడాడు, పిల్లల పేర్లు, వయసులు. ఒక కూలివాడి జీవితం అర పేజీలో అతని నోటితోనే దొరుకుతుంది. హక్కు లేదని తేలితే వెనక్కి పంపే ఉత్తర్వు రెండు పారిష్‌లకీ చేరుతుంది. మన ఊరి ప్రతి పోయినా అవతలి ఊరి పెట్టెలో వెతకొచ్చు. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డ తండ్రి పేరు బాప్తిస్మంలో లేకపోయినా, ఆ బిడ్డ భారం పారిష్ మీద పడకుండా తండ్రి చేత రాయించుకున్న పూచీకత్తులో ఉంటుంది. బిడ్డకి నడిమి పేరుగా ఊళ్లోని ఇంకెవరిదో ఇంటిపేరు ఉంటే అది కూడా గట్టి జాడే. 1834 తర్వాత ఈ భారం కొన్ని పారిష్‌లు కలిసిన యూనియన్లకి, వర్క్‌హౌసులకి (పేదల్ని ఉంచి పని చేయించే ఇళ్లకి) మారింది. గ్రెసెన్‌హాల్‌లో 1777 నాటి అలాంటి భవనం ఇప్పుడు మ్యూజియం.

ఈ కట్టలు చాలావరకు బొమ్మలుగా లేవు, నారిచ్‌లోని నార్ఫోక్ రికార్డ్ ఆఫీసుకి వెళ్లాల్సిందే. ముందుగా కేటలాగులో పారిష్ నంబరు, కట్ట నంబరు రాసుకుని వెళ్లాలి. చదివే గదిలో పెన్ను తీయనివ్వరు, పెన్సిలే. అసలు రిజిస్టరు మామూలుగా చేతికివ్వరు, ఫిల్మో బొమ్మో చూపిస్తారు. పేదల కాగితాలు మాత్రం అసలువే వస్తాయి. వెళ్లిన రోజు రిజిస్టర్ల మీద గడపకుండా ఇంట్లో చూడలేనివే అడగండి.

భూమి కాగితాల్లో 1836 చట్టం తర్వాత గీసిన దశమభాగం పన్ను పటాలు ఒకసారి చూడాలి. ప్రతి మడికి నంబరు, యజమాని, అనుభవదారు, విస్తీర్ణం ఉంటాయి. కూలివాళ్లు వరస ఇళ్లలో ఉంటే "ఫలానావాడు, ఇతరులు" అని తేల్చేస్తారు, ఆ ఇతరుల్లో మనవాళ్లు మాయమవుతారు. వీలునామాలు 1858 జనవరి 12కి ముందు చర్చి కోర్టుల్లో: నారిచ్ కన్సిస్టరీ కోర్టు (బిషప్‌ది), నారిచ్ ఆర్చ్‌డీకన్‌ది, నార్ఫోక్ ఆర్చ్‌డీకన్‌ది, పెద్ద ఆస్తులైతే కాంటర్‌బరీ కోర్టు. కూలివాడికి వీలునామా ఉండదని వదిలేయొద్దు. పెళ్లికాని మేనత్త, పిల్లల్లేని పెదనాన్న రాసిన వీలునామాలో అన్నదమ్ముల పిల్లలందరి పేర్లూ వరసగా వస్తాయి.

ప్రతి నమోదు కింద పుస్తకం నంబరు, బొమ్మ నంబరు, చూసిన తేదీ రాస్తాను. దొరకనివీ రాస్తాను: "ఈ పారిష్, ఖననాలు, 1780 నుంచి 1812, ఈ ఇంటిపేరు లేదు, 1791 పేజీ చిరిగింది." కూలివాళ్ల వంశాలు వీలునామా గానీ వాంగ్మూలం గానీ లేకుండా 1700కి అటు వెళ్లడం చాలా అరుదు. అక్కడ ఇద్దరు జాన్‌లు సమానంగా నిలబడితే ఇద్దరినీ పెన్సిల్‌తో రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, ఆ ఇంటి ఆడపిల్లల పెళ్లిళ్ల వైపు మళ్లుతాను.